రెండో పిటిషన్‌కు గేటు, ఆ గేటుకు తాళం

2025 అక్టోబర్ 14న అమెరికా సుప్రీంకోర్టు బోవ్ అనే ఖైదీ కేసులో వాదనలు వింది. పైకి అది తుపాకీ నేరం కింద అదనంగా పడిన పదేళ్ల శిక్ష గొడవ. అసలు తగాదా వేరు: ఫెడరల్ ఖైదీ రెండో పిటిషన్ వేస్తానంటే అప్పీలు కోర్టు కాదంది. ఆ మాటను సుప్రీంకోర్టు తిరగేసి చూడవచ్చా?

తన నిర్బంధం చట్టవిరుద్ధమని ఖైదీ కోర్టుకెక్కే దారి, హెబియస్ కార్పస్, పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవే. ఈ చిక్కు మొదలైంది 1996 ఏప్రిల్ 24న, ఓక్లహోమా సిటీ పేలుడు జరిగిన ఏడాదికి, అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టంతో. అప్పటినుంచి రెండో పిటిషన్ నేరుగా జిల్లా కోర్టుకు పోదు. ముందు అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జిల అనుమతి కావాలి. పాత కేసులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చిన కొత్త రాజ్యాంగ సూత్రమైనా చూపాలి, నిర్దోషి అని బలంగా రుజువుచేసే కొత్త ఆధారమైనా చూపాలి. 30 రోజుల్లో నిర్ణయం. ఆ నిర్ణయంపై అప్పీలు లేదు, పునర్విచారణ లేదు, సుప్రీంకోర్టులో సర్టియోరరై (దాన్ని సమీక్షించమనే విన్నపం) లేదు అంది ఆ చట్టం.

అన్నిటికీ మూలం ఈ చివరి ముక్కే. 1996 జూన్ 28న ఫెల్కర్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఏకగ్రీవంగా నిలబెట్టింది. తమ దగ్గరే నేరుగా హెబియస్ పిటిషన్ వేసే దారి ఇంకా ఉంది కదా అంది. ఆ దారిలో ఊరట దొరకడం ఎంత అరుదో కోర్టుకు తెలియనిది కాదు. జస్టిస్ సూటర్ మాత్రం విడిగా ఒక హెచ్చరిక రాశారు: మిగతా దారులూ మూసుకుపోయి, అప్పీలు కోర్టులు ఈ గేటు నిబంధనలకు తలో అర్థం చెబితే, రాజ్యాంగబద్ధత ప్రశ్న మళ్లీ లేస్తుంది.

సరిగ్గా అదే జరిగింది. ఒకసారి లేవనెత్తిన వాదనను మళ్లీ తెస్తే కొట్టేయాలన్న నిబంధన, దాని మాటల్లోనే, రాష్ట్రాల ఖైదీల పిటిషన్లకు సంబంధించింది. అయినా ఆరు సర్క్యూట్లు (ప్రాంతాలవారీ ఫెడరల్ అప్పీలు కోర్టులు) దాన్ని ఫెడరల్ ఖైదీలకూ అంటగట్టాయి. మూడు ఒప్పుకోలేదు.

బోవ్ 2019లో అనుమతి అడిగితే, ఆ అదనపు శిక్షకు ఆధారమైన దోపిడీ యత్నం హింసాత్మక నేరమేనంటూ పదకొండో సర్క్యూట్ తోసిపుచ్చింది. అది తప్పని 2022లో టేలర్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. మళ్లీ అడిగితే వచ్చిన జవాబు: ఈ వాదన 2019లోనే తెచ్చావు, టేలర్ తీర్పేమో కొత్త రాజ్యాంగ సూత్రం కాదు.

ఆ సర్క్యూట్‌లో ఖైదీ వాదించుకునేది ఒక ఫారంలోని ఖాళీల్లోనే. తమ నిర్ణయాలకు ఆధారమయ్యే వాదన మామూలుగా 100 పదాలకు మించదని 2018లో అక్కడి జడ్జిలే రాశారు.

తీర్పులకు ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలన్నది ప్రభుత్వ వాదన. సుప్రీంకోర్టుకు ఈ కేసు వినే అధికారమే లేదని అది పట్టుబట్టింది. పాత వాదనల నిబంధన మాత్రం ఫెడరల్ ఖైదీలకు వర్తించదని ఒప్పుకుంది. దాంతో ఆ విషయంలో పదకొండో సర్క్యూట్ తీర్పును సమర్థించడానికి సుప్రీంకోర్టు బయటి నుంచి ఒక లాయర్‌ను నియమించాల్సి వచ్చింది.