జటలు మురికితో కట్టవు: ఉంగరాల జుట్టుకు డ్రెడ్‌లాక్స్, అపోహలు - వాస్తవాలు

నెల్లూరు వేదాయపాలెంలో మా ఇంటి ముందుగదే నా పనిచోటు. ఒక కుర్చీ, నిలువుటద్దం, తోక దువ్వెన, క్లిప్పులు, సన్నని క్రోషె సూదులు. ఇక్కడ కూర్చుని జుట్టును జటలుగా కడతాను. పిల్లలు డ్రెడ్స్ అంటారు, నేను జట అంటాను. మూడు పాయలు అల్లితే జడ, సాయంత్రానికి విప్పేసుకోవచ్చు. ఒకే పాయలోని వెంట్రుకలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని తాడులా బిగుసుకుంటే జట.

డ్రెడ్‌లాక్స్ అన్న పేరు జమైకాది. 1930లో హైలే సెలాసీ ఇథియోపియా చక్రవర్తి అయ్యాక ఆ దీవిలో మొదలైన రాస్తఫారీ మతం వల్ల ఆ పేరు లోకమంతా పాకింది. జట మాత్రం మనకు పాతదే. శివుడి జటాజూటం సంగతి తెలియనివారు లేరు. ఋగ్వేదం పదో మండలంలో కేశి అనే పొడవు జుట్టు ముని మీద ఒక సూక్తమే ఉంది. ఇంత పాత సంగతి చుట్టూ ఇన్ని తప్పుడు మాటలు ఎలా పేరుకున్నాయో అని నాకు బాధ కలుగుతుంది. ఆ మాటలు నమ్మి జుట్టు పాడు చేసుకున్నాక నా దగ్గరికి వచ్చేవారే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తల కడగకుండా వదిలేస్తేనే జటలు కడతాయి

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇది. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒక అబ్బాయి రెండు నెలలు తల కడగకుండా వచ్చాడు. చక్కని ఉంగరాల జుట్టు. వెనక మెడ పైన అరచెయ్యంత మేర ఒకటే ముద్ద. సూది దిగలేదు. వేళ్లతో విడదీస్తుంటే కింద చుండ్రు పెచ్చులు పెచ్చులుగా లేచింది, గోకి గోకి రెండు చోట్ల పుండు పడింది. అంత చేసినా అతని తలమీద ఒక్క జట లేదు. ముద్ద వేరు, జట వేరు. ముద్దలో వెంట్రుకలు అడ్డదిడ్డంగా అతుక్కుంటాయి, జటలో ఒక వరుసలో బిగుస్తాయి.

వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే చిక్కు నిలుస్తుంది. జిడ్డు ఉంటే జారిపోతాయి. అందుకే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన జుట్టే త్వరగా కడుతుంది.

కట్టిన మొదటి పది రోజులు నీళ్లు పోయవద్దంటాను, పాయ కాస్త కుదురుకోవాలి. తర్వాత ఏడు నుంచి పది రోజులకు ఒకసారి తలస్నానం తప్పదు. ఎండలో, ఉప్పుగాలిలో పనిచేసేవారికి వారానికొకసారి కచ్చితంగా ఉండాలి. షాంపూ చెంబెడు నీళ్లలో కలిపి పాపిళ్ల మీద పోయాలి. వేళ్ల కొసలతో చర్మం మాత్రమే రుద్దాలి. ఆ నురుగే జటల మీదుగా దిగుతుంది, అది చాలు. జటలను ఒకదానితో ఒకటి రాయవద్దు. మొదటి మూడు నెలలు తలకు పలుచని వలటోపీ వేసుకుని దాని పైనుంచే కడిగితే పాయలు విడిపోవు.

మన ఊళ్లలో వెంటనే వచ్చే ప్రశ్న కుంకుడుకాయ. వాడవచ్చు, మంచిదే. రసాన్ని పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. పిప్పి జటలోకి వెళితే మళ్లీ రాదు. సీకాయ పొడి, గోరింటాకు పొడి, పిండి నలుగు తలకు పూర్తిగా మానాలి. మామూలు జుట్టులో పొడి దువ్వెనకు రాలిపోతుంది, జటలో రాలే దారి లేదు. సబ్బుబిళ్ల కూడా వద్దు. మన బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ, సబ్బు వాటితో కలిసి తెల్లని తెట్టు కడుతుంది. బకెట్ అంచున కనబడేది అదే. ఆ తెట్టు జటలో కూర్చుంటే జుట్టు బూడిదరంగుకు తిరుగుతుంది. నీళ్లు మరీ ఉప్పగా ఉంటే చివరి రెండు చెంబులు తాగే నీళ్లు పోసుకోండి.

అపోహ: తడి జటల వల్ల తలలో నీరు దిగి జలుబు చేస్తుంది

జలుబు వైరస్ వల్ల వస్తుంది, జట వల్ల రాదు. అయితే పెద్దవాళ్ల భయంలో ఒక నిజముంది: జట లోపల తడి నిలవకూడదు. పైన ఆరినట్టే ఉంటుంది, నడుమ తడి అలాగే ఉంటుంది. నాలుగు రోజులు అలా గడిస్తే మూలన పడేసిన తడి గోనెసంచి వాసన వస్తుంది. అది బూజు. లోపల ముదిరిందంటే ఆ జటను కత్తిరించడమే మేలు.

ఎండాకాలం మనకు చింత లేదు, రోహిణి కార్తెలో గంటన్నరలో ఆరిపోతుంది. అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఈశాన్య రుతుపవనాల వాన మన జిల్లాకు అప్పుడే దిగుతుంది, ముసురు పడితే గోడలే చెమరుస్తాయి. ఆ నెలల్లో ఉదయం పదిలోపు తలస్నానం ముగించండి. పాత నూలు పంచెతో జటలను నాలుగైదుగా పట్టి పిండండి, తర్వాత ఫ్యాను కింద కూర్చోండి, ముసురు రోజైతే డ్రయ్యర్ గోరువెచ్చగా పెట్టండి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి అన్నిటికంటే లావుగా ఉన్న జటను తెల్లని పొడి గుడ్డలో చుట్టి గట్టిగా నొక్కండి. గుడ్డ చెమ్మగిల్లితే ఇంకా ఆరలేదన్నమాట. ఆరేదాకా ముడి వేయవద్దు, హెల్మెట్ పెట్టవద్దు, పడుకోవద్దు.

పంచె అనడానికి కారణం ఉంది. తువ్వాలు నుంచి లేచే నూగు జటకు శత్రువు. కందుకూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి జటలో ఎర్రని చుక్క కనబడి సన్న సూదితో లాగితే వేలెడు పొడవు నూలుపోగు వచ్చింది. ఏడాది క్రితం వాడిన తువ్వాలుదని తనే గుర్తుపట్టింది. జుట్టు దాని చుట్టూ అల్లుకుని పెరిగింది. దిండుకు కూడా నున్నని శాటిన్ గలేబు వేసుకోండి.

అపోహ: మైనం పూయకపోతే జట నిలవదు

ఈ సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంత వేడినీళ్లు తలమీద పోస్తే చర్మం కాలుతుంది. అంటే ఒకసారి పూసిన మైనాన్ని తలస్నానంతో తీసే మార్గమే లేదు. అది దుమ్మును పట్టుకుంటుంది, లోపలి తడిని బయటికి పోనివ్వదు. పైగా వెంట్రుకలను అతికించి కదలనివ్వదు. కదలికే లేకపోతే చిక్కు ఎలా పడుతుంది? కోడిగుడ్డు సొన, తేనె, బంక కూడా ఇదే దారి. పట్టు కోసం ఏదైనా కావాలంటే వడకట్టిన తాజా కలబంద గుజ్జు కొద్దిగా, లేదా అవిసె గింజలు ఉడికించి తీసిన జిగురు చాలు. రెండూ నీళ్లకు పోతాయి.

కొబ్బరినూనె సంగతి చెబితే అమ్మలు నొచ్చుకుంటారని తెలుసు. మాడు పొడిబారితే నాలుగైదు చుక్కలు వేలితో పాపిడికి రాయండి. జటలకు పట్టించవద్దు. లోపల చేరిన నూనె నెలల తరబడి నిలిచి ముక్కిపోతుంది.

అపోహ: ఉంగరాల జుట్టు కదా, ఒక్కరోజులో అయిపోతుంది

ఒక్కరోజులో అయ్యేది మొదలు మాత్రమే. జట కట్టడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఉంగరాలు ఎంత బిగుతుగా ఉంటే అంత త్వరగా కడుతుంది, అది నిజం. ఆఫ్రికా మూలాలున్నవారి జుట్టు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, వేలితో తిప్పి వదిలితే నిలుస్తుంది. మన వైపు ఉంగరాలు సాధారణంగా వదులుగా ఉంటాయి. రెండు అంగుళాల మేర అలలా వచ్చి, చివర మాత్రమే ఉంగరం తిరుగుతుంది. ఆఫ్రికా జుట్టుకు చెప్పిన పద్ధతి వీడియోలో చూసి ఇక్కడ చేస్తే మొదటి తలస్నానానికే ఊడిపోతుంది.

నేను చూసే పరీక్ష చిన్నది. తల తడిపి, ఏ క్రీమూ లేకుండా ఒక పాయను వదిలేస్తాను. పెన్సిలు చుట్టూ తిరిగేంత ఉంగరం కుదురు నుంచే పడితే దువ్వెన తోకతో చుట్టలు తిప్పడం సరిపోతుంది, రెండు అంగుళాల జుట్టు ఉన్నా మొదలుపెట్టవచ్చు. ఉంగరం బొటనవేలంత వెడల్పుగా పడితే రెండు పాయలు మెలివేయడం నయం. అంతకంటే వదులైతే కుదుళ్ల వైపు వెనక్కి దువ్వి చిక్కుపరచి, క్రోషె సూదితో వెంట్రుకలను లోపలికి లాగాలి, దానికి ఐదారు అంగుళాలు ఉండాలి. పాపిళ్లు ఇటుకల వరుసలా తీస్తాను, ఒక వరుస గీత కింద వరుస మధ్యకు వచ్చేలా. అలా తీస్తే జటల సందులో మాడు బోడిగా కనిపించదు.

రెండో నెల నుంచి నాలుగో నెల వరకు జనం బెదిరిపోతారు. జుట్టు లేచిపోతుంది, పక్కలకు చిన్న చిన్న ఉచ్చులు పొడుచుకొస్తాయి, పొడవు తగ్గుతుంది. ఆ సమయంలో కళ్లు మూసుకుని జటను కొస నుంచి పైకి వేళ్లతో తడిమి చూడండి. మధ్యలో ఎక్కడో శనగగింజంత గట్టిగా తగులుతుంది. మేము దాన్ని గింజ పడింది అంటాం. జట అక్కడి నుంచి పైకీ కిందికీ బిగుస్తుంది. గింజ పడ్డ జటను విప్పి మళ్లీ తిప్పించుకోవాలని అడగవద్దు. చక్కగా కనిపించాలన్న తొందరలో చాలామంది అక్కడే మొదటికి తెచ్చుకుంటారు.

అపోహ: వారం వారం కుదుళ్లు తిప్పించుకుంటే గట్టిగా ఉంటాయి

జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరుంబావు పెరుగుతుంది. వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. అందులో తిప్పడానికి ఏముంది? తిప్పేది పాత కుదురునే, లాగేది చర్మాన్నే. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి చాలు. సూదితో కుదురు బిగించే పద్ధతిలో ప్రతిసారీ ఒకే దిక్కు నుంచి దూరిస్తే అక్కడ రంధ్రం పడి జట రెండుగా చీలుతుంది, నాలుగు దిక్కుల నుంచీ మార్చి మార్చి దూర్చాలి.

ఒక పేరున్న పార్లరులో నెలకు నాలుగుసార్లు తిప్పించుకున్న ఒకావిడ కణతల దగ్గర చూశాను. ప్రతి కుదురు చుట్టూ ఆవగింజంత తెల్లని పొక్కు. కొన్నిచోట్ల వెంట్రుక లేదు, చర్మం నున్నగా మెరుస్తోంది. ఆవిడ అది పేనుకొరుకుడు అనుకుని ఉల్లిపాయ రుద్దుతోంది. పేనుకొరుకుడు వేరే జబ్బు. దానికీ పేలకూ సంబంధం లేదు, మన శరీర రక్షణ వ్యవస్థే వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. ఈవిడది లాగుడు వల్ల వచ్చిన బట్టతల. తొలిదశలో లాగడం ఆపితే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి సాగితే కుదురు చచ్చిపోతుంది, ఇక రాదు. జట కట్టాక ఆ రాత్రి తలనొప్పితో నిద్ర పట్టకపోతే, అందం కోసం ఓర్చుకోవాలని ఎవరు చెప్పినా వినవద్దు. మర్నాడే వెళ్లి వదులు చేయించండి.

డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు బాగా రాలుతుంది. కాన్పయ్యాక కూడా అంతే. ఆ రాలుడు ఆగేదాకా నేను జటలు మొదలుపెట్టను.

ఇంకొన్ని మాటలు

పేలు జటల వల్ల పుట్టవు. తలలు తగిలితే అందరికీ ఎక్కినట్టే వీరికీ ఎక్కుతాయి. పేల దువ్వెన ఇక్కడ పనిచేయదు కాబట్టి డాక్టరును అడిగి మందు వాడాలి.

మైపాడు సముద్రంలో మునిగితే జటలు త్వరగా కడతాయన్నది సగం నిజం. ఉప్పునీరు జిడ్డు తీసి పట్టు పెంచుతుంది. ఇసుక మాత్రం లోపలే ఉండిపోతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి.

పెంచలకోనకో మాలకొండకో తలనీలాల మొక్కు ఉంటే ముందు అది తీర్చుకుని రండి. గుండు తర్వాత ఏడాదికి చాలినంత జుట్టు వస్తుంది.

చిక్కు కట్టిన జుట్టు అమ్మవారి గుర్తు, కత్తిరిస్తే కీడు అనే మాట మాత్రం దాటవేయలేను. జబ్బుపడి మంచాన ఉన్న పెద్దవాళ్లకు, దువ్వే దిక్కులేని పిల్లలకు జుట్టు ముద్ద కడుతుంది. అది చిక్కు, అంతే. కర్ణాటకలో, తెలంగాణలో ఆ చిక్కు చూపించి ఆడపిల్లలను దేవతకు వదిలేసిన కథలు ఉన్నాయి. ఆ ఆచారాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లోనే చట్టంతో నిషేధించింది. అలాంటి పిల్ల మీ ఎరుకలో ఉంటే తీసుకురండి. డబ్బు తీసుకోను. పక్కన కూర్చుని, నొప్పి తెలియకుండా కత్తిరిస్తాను.

అపోహ: ఒకసారి కట్టాక గుండు తప్ప దారి లేదు

విప్పవచ్చు. మెత్తబరిచే కండిషనర్ పట్టించి, కొస నుంచి మొదలుపెట్టి దువ్వెన తోకతో కొద్దికొద్దిగా విడదీయాలి. ఒక్కో జటకు అరగంట నుంచి గంట, తల మొత్తానికి చాలా రోజులు. కిందటి వేసవిలో రెండేళ్ల జటలు విప్పుతుంటే ఒక అబ్బాయి ఒడిలో జుట్టు కుప్ప పడింది. వాళ్లమ్మ ఏడ్చింది, బట్టతల అయిపోయాడని. అమ్మా, మనిషికి రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే, దువ్వుకునేవాళ్లకు దువ్వెనలో పోతాయి, వీడికి జటలోనే ఉండిపోయాయి, రోజుకు యాభై లెక్కేసినా రెండేళ్లకు ముప్పై ఆరువేలు దాటుతాయి అని చెప్పాను. నమ్మలేదు. అబ్బాయి తల కడిగించి, ఆరబెట్టి, కొత్తగా పడిన ఉంగరాల్లోకి ఆవిడ చేతినే పెట్టించాను. కుదుళ్లు తడుముకుంటూ చాలాసేపు అలాగే నిలబడింది.