శాసనసభ లేకుండా రెండేళ్లు: ఇండియానా గవర్నర్ మోర్టన్‌పై అపోహలు – వాస్తవాలు

అమెరికా అంతర్యుద్ధం పాఠం చెబుతుంటాను. అప్పటి ఇండియానా రాష్ట్ర గవర్నర్ ఆలివర్ మోర్టన్ పేరు రాగానే క్లాసులో ఎప్పుడూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: గవర్నర్ అంటే కేంద్రం పంపిన పెద్దమనిషే కదా!

వాస్తవం: అది మన దగ్గర. అక్కడ గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు, అధికారాల్లో మన ముఖ్యమంత్రికి దగ్గర. అయితే మోర్టన్ 1860లో గెలిచింది లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నర్ తర్వాతి పదవికి. గవర్నర్ హెన్రీ లేన్ రెండు రోజులకే సెనేట్‌కు (అమెరికా కేంద్ర చట్టసభలో ఎగువసభ) వెళ్లడంతో 1861 జనవరి 16న కుర్చీ ఎక్కాడు.

అపోహ: యుద్ధమంతా లింకనే చూసుకున్నాడు.

వాస్తవం: వాలంటీర్ రెజిమెంట్లను, అంటే స్వచ్ఛందంగా చేరిన సైనిక దళాలను కూడగట్టింది గవర్నర్లు. సైనికులకు చలికోట్లు అందడం లేదని మోర్టన్ కేంద్రం అధికారులతో గొడవపడి మరీ కొనిపించాడు. ఇండియానాపొలిస్‌లో తూటాల తయారీ మొదలుపెట్టి, వాటిని కేంద్రానికే లాభానికి అమ్మాడు.

అపోహ: డెమోక్రాట్లు అడ్డొస్తే వీటో చేసేస్తే సరిపోయేది.

వాస్తవం: ఇండియానాలో వీటోకి (బిల్లును గవర్నర్ తిరస్కరించడం) పెద్ద విలువ లేదు. సాధారణ మెజారిటీతో మళ్లీ ఓటేస్తే అది వీగిపోతుంది. 1862 ఎన్నికల్లో గెలిచిన డెమోక్రాట్లు మరుసటి ఏడాది రాష్ట్ర సైన్యంపై గవర్నర్ పట్టు తీసేసే బిల్లు తెచ్చారు. సభ నడవాలంటే మూడింట రెండొంతుల మంది ఉండాలి. ఆ లొసుగే దొరికింది. మోర్టన్ పార్టీ అయిన రిపబ్లికన్ సభ్యులు ఒహాయో నది ఒడ్డున ఉన్న మాడిసన్‌కి చెక్కేశారు. అవసరమైతే నది దాటి పక్క రాష్ట్రం కెంటకీలోకి జారుకోవచ్చని! కోరం లేక బిల్లు ఆగింది, దాంతోపాటు బడ్జెట్ కూడా ఆగింది.

ప్రత్యేక సమావేశం పిలిస్తే ఆ బిల్లు మళ్లీ వస్తుంది, అందుకే మోర్టన్ పిలవలేదు. మరి జీతాలు, ఆసుపత్రుల ఖర్చు? అప్పులే. కేంద్రంలోని యుద్ధ మంత్రి స్టాంటన్ 2,50,000 డాలర్లు ఇప్పించాడు. రాష్ట్రం అప్పులపై వడ్డీని న్యూయార్క్ బ్యాంకర్ జేమ్స్ లేనియర్ తన జేబులోంచి కట్టాడు, అది 6 లక్షల డాలర్లు దాటింది. వచ్చిన డబ్బును ఖజానాలో వేయకుండా మోర్టన్ తన ఆఫీసులోని ఇనప్పెట్టెలో పెట్టి ఖర్చు చేశాడు. దేశాన్ని కాపాడాడని మెచ్చుకునేవాళ్లున్నారు, నియంత అన్నవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే రెండూ నిజమే. సభ అనుమతి లేకుండా ఖర్చు చేయడం రాజ్యాంగానికి విరుద్ధం, అందులో అనుమానం లేదు.

అపోహ: యుద్ధంలో గాయపడి మోర్టన్‌కి కాళ్లు పోయాయి.

వాస్తవం: కాదు. 1865లో, యుద్ధం ముగిశాక పక్షవాతం వచ్చింది. ఆ స్థితిలోనే 1867లో సెనేటరై, 1877లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు. నల్లజాతి పురుషులకు ఓటు హక్కిచ్చిన 15వ రాజ్యాంగ సవరణ కోసం గట్టిగా వాదించినవాళ్లలో ఇతనొకడు.