గీత ఎవరిది, రంగు ఎవరిది: నైరూప్య చిత్రాల మీద అపోహలు - వాస్తవాలు

నేను తిరుపతిలో ఉంటాను, అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు వేస్తాను. మనిషి, చెట్టు, దేవుడు, ఏదీ ఇదీ అని గుర్తుపట్టలేని బొమ్మలు. నా పని గురించి మాట్లాడేవాళ్ళు ఆధ్యాత్మికత, స్త్రీవాదం అనే రెండు మాటలు తప్పకుండా వాడతారు. నేనూ కాదనను. వాటిని బొమ్మలో ఎక్కడ వెతకాలన్న దగ్గరే నాకూ వాళ్ళకీ పేచీ. ప్రదర్శన పెట్టినప్పుడల్లా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇదంతా విదేశీ సరుకు. తిరుపతికీ దీనికీ ఏం సంబంధం?

పుట్టింది యూరప్‌లోనే. 1911 ప్రాంతంలో రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ మొదలుపెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. అంతకంటే ముందే, 1906 నుంచి, స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే ఆవిడ ఇలాంటి బొమ్మలు వేస్తోంది. 1907లో వేసిన పది పెద్ద బొమ్మలు ఒక్కోటి మూడు మీటర్ల పైన ఎత్తు ఉంటాయి. తను పోయాక ఇరవై ఏళ్ళదాకా వాటిని బయటపెట్టొద్దని చెప్పి 1944లో కన్నుమూసింది. ఆమె పని పెద్ద ప్రదర్శనలో జనం కంటబడటానికి 1986 దాకా పట్టింది. లండన్‌లో జార్జియానా హౌటన్ అయితే 1871లోనే, ఆత్మలు తన చేత వేయించాయంటూ మెలికల గీతల బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. హిల్మా కూడా పైనుంచి ఆదేశం వచ్చిందనే చెప్పుకుంది. ఆ ఆత్మల సంగతి నాకు తెలియదు గానీ, "నేను వేశాను" అంటే ఎవరూ పట్టించుకోని కాలంలో "నా చేత వేయించారు" అనడం ఆడదానికి ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించగలను.

ఇక మన సంబంధం. కాండిన్‌స్కీ, డచ్చి చిత్రకారుడు మోండ్రియన్, హిల్మా ముగ్గురి మీదా దివ్యజ్ఞాన సమాజం (అన్ని మతాల మూలం ఒక్కటేననే థియోసాఫికల్ సొసైటీ) ప్రభావం ఉంది. 1905లో ఆ సమాజం పెద్దలు అనీబెసెంట్, లెడ్‌బీటర్ కలిసి ఏ భావానికి ఏ రంగు, ఏ ఆకారం అని బొమ్మలతో సహా ఒక పుస్తకం వేశారు. (నాకు ఆ పద్ధతి నచ్చదు. కోపానికి ఫలానా రంగు అని పట్టిక రాసిచ్చేస్తే వేసేవాళ్ళకి ఇక పనేముంది?) ఆ సమాజం కేంద్రం మద్రాసు అడయారులో. అక్కడినుంచి ఒక కొమ్మ మన మదనపల్లెకు వచ్చింది. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోదే ఆ ఊరు. 1915లో అనీబెసెంట్ అక్కడ కాలేజీ పెట్టించింది. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్, ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం జైలుకెళ్ళొచ్చిన ఐర్లాండు మనిషి. 1917లో అడయారులో మహిళా సంఘం పెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. 1919లో టాగూర్ మదనపల్లె వచ్చినప్పుడు జనగణమన బాణీని స్వరాల్లో రాసిపెట్టింది కూడా ఆవిడే. ధ్యానమూ ఓటుహక్కూ ఒకే ఇంట్లో కాపురం చేసిన ఊరు మనకు బస్సు దూరంలో ఉంది.

అపోహ: ఆధ్యాత్మిక చిత్రమంటే అందులో ఓంకారమో, పద్మమో, నామమో ఉండాలి.

ఇది తిరుపతిలో మరీ ఎక్కువ. ఒక హోటలాయన నా బొమ్మ చూసి, "బాగుంది మేడం, మధ్యలో చిన్న శంఖుచక్రాలు పడితే లాబీకి తీసుకుంటాను" అన్నారు. గుర్తు పెడితే భక్తి వచ్చేస్తుందని ఆయన నమ్మకం. నాకు ఆ భావం కలిగేది పని జరిగే తీరులో.

నేను మిల్లు గుడ్డ మీద కసిమితో పని చేస్తాను. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళ నలుపు అది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. గుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెట్టుకోవాలి. పాలు సరిపోకపోతే గీత పాకిపోతుంది. వెదురుపుల్ల కొసకి గుడ్డపేలిక చుట్టి దారంతో బిగించిన కలాన్ని కసిమిలో ముంచి, వేళ్ళతో మెల్లగా పిండుతూ గీయాలి. కలంలో ఉన్నప్పుడు అది పలచటి గోధుమరంగు నీళ్ళే. కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి కళ్ళముందే నల్లబడుతుంది. తుడపడానికి వీల్లేదు, దిద్దడానికి వీల్లేదు. ఊపిరి కాస్త తడబడితే గీతలో తెలిసిపోతుంది. అలా పక్కపక్కనే గీతలు గీస్తూ పొద్దు గూకేసరికి నేనెవరో నాకు పెద్దగా పట్టదు. నాకు తెలిసిన పూజ అంతే.

బరోడాలో పాఠాలు చెప్పిన నస్రీన్ మొహమ్మదీ (1937-1990) పెన్సిలూ ఇంకూ స్కేలూ పట్టుకుని సన్నటి గీతలు తప్ప ఇంకేమీ లేకుండా ఏళ్ళ తరబడి గీసింది. అందులో ఒక్క మత చిహ్నం లేదు. ఆ కాగితాల ముందు నిలబడితే గొంతు దానంతటదే తగ్గుతుంది.

అపోహ: భక్తి ఉన్న ఆడది ఫెమినిస్టు కావడం కుదరదు.

ఇది రెండు వైపులనుంచీ వస్తుంది. గుడికెళ్తే అటువాళ్ళు నవ్వుతారు, ఫెమినిజం అంటే ఇటువాళ్ళు మొహం తిప్పుకుంటారు. ఇద్దరికీ తరిగొండ వెంగమాంబ పేరు చెబుతాను. పద్దెనిమిదో శతాబ్దంలో మన ప్రాంతపు బాలవితంతువు. తల గొరిగించుకోనంది, పసుపుకుంకుమలు వదలనంది. ఊరు సతాయిస్తే కొండకి వెళ్ళి కావ్యాలు రాసుకుంది. ఇవాళ్టికీ తిరుమలలో ఏకాంతసేవ వేళ ఆమె పేరు మీద ముత్యాలహారతి ఇస్తారు.

తిరుపతి గంగమ్మ జాతర సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాడిని అమ్మవారు వేషాలు మార్చి మార్చి వెతికి చంపిందని కథ. అందుకే మే నెలలో మన మగవాళ్ళు వేషాలు కడతారు, చీరలు చుట్టుకుంటారు, బూతులు తిడతారు. నా కంటికి మాత్రం అది రంగుల పాఠం. బైరాగి వేషానికి ఒంటినిండా నామంకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు. ముక్కూమొహం ఆనవాలు తెలియకుండా పోయి, గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట వీధుల్లో ఉత్త రంగులు నడుచుకుంటూ పోతాయి. చివర్లో మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపాన్ని పగలగొట్టి ఆ మట్టినే ప్రసాదంగా పంచుకుంటారు. రూపం లేని బొమ్మ మనకు అర్థం కాదని నాతో అనేవాళ్ళ పూజగదుల్లోనే ఆ మట్టి ఉంటుంది!

అపోహ: ఆడవాళ్ళు ఎరుపు వేస్తే రుతుస్రావం, గుండ్రం వేస్తే గర్భం.

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అమెరికాలో జార్జియా ఓకీఫ్ పూలు వేస్తే వాటిలో ఆడ శరీరాన్నే చూశారు. ఆమె జీవితాంతం కాదంటూనే ఉంది. మగవాడు గుండ్రం వేస్తే బిందువు, బ్రహ్మాండం. మేం వేస్తే కడుపు. శరీరం గురించి వేసేవాళ్ళున్నారు, దమ్మున్న పని అది. కానీ ఆ సంగతి వేసినవాళ్ళు చెప్పాలి. నా ఎరుపు చాలాసార్లు జాతర కుంకుమే, అదీ మగాడి ఒంటి మీది కుంకుమ.

అపోహ: అయితే ఇందులో స్త్రీవాదం ఎక్కడుంది? నినాదం లేదే!

పని పంపకంలో చూడండి. నేను చూసిన కలంకారీ ఇళ్ళలో చాలావాటిలో గీత మగవాళ్ళది, రంగు నింపడం, ఉతకడం, ఆరేయడం ఆడవాళ్ళది. పేరు గీత గీసినవాళ్ళదే. ఇప్పుడు కలం పట్టే ఆడవాళ్ళు పెరిగారు, మంచిదే. నా గుడ్డల వెనక మాత్రం గుడ్డ ఉడికించినామె పేరు, ఉతికినామె పేరు కూడా రాస్తాను. కొనేవాళ్ళు కొందరు ఇది వింతగా ఉందంటారు.

తీరికలో కూడా చూడండి. హిల్మా పెద్ద పని 1908 నుంచి 1912 దాకా ఆగిపోయింది. అప్పుడు తల్లికి చూపు పోయింది, చూసుకోవలసింది ఈవిడే. ఆ నాలుగేళ్ళను కళా విమర్శకులు "విరామం" అంటారు. ఆడవాళ్ళెవరూ అలా అనరు.

అపోహ: మా పాప కూడా ఇలా వేస్తుంది.

వేయనివ్వండి. పదో తరగతికి రాగానే మాన్పించకండి.

అపోహ: ఆధ్యాత్మిక కళకి ధర అడగకూడదు, సేవగా ఇవ్వాలి.

ఈ సలహా నాకిచ్చిన వాళ్ళెవరూ శిల్పికి గానీ మేళం వాళ్ళకి గానీ ఇచ్చినట్టు వినలేదు. గుడ్డ, కరక్కాయ, పాలు, ఉతికినామె కూలి, నా కూలి, అన్నీ కలిపి రేటు బొమ్మ పక్కనే రాసి పెడుతున్నాను. బేరం లేదు, ఫోన్‌పే ఉంది.