"రేపటి నుంచి సీరియస్‌గా చదువుతా": గ్రూప్-2 అభ్యర్థుల అపోహలు, వాస్తవాలు

నేను తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల కోసం గ్రూప్-2 పరీక్ష రాసే అభ్యర్థులకు ఎకానమీ చెబుతాను. క్లాసు అయ్యాక నా కోసం ఆగేవాళ్లలో చాలామంది పాఠంలో సందేహం అడగరు. "మేడమ్, పుస్తకం ముందు కూర్చోలేకపోతున్నాను, రేపు రేపు అంటూ నెలలు పోతున్నాయి" అంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

అపోహ: చదువు వాయిదా వేసేవాళ్లు బద్ధకస్తులు.

వాస్తవం: బద్ధకస్తుడికి చదవలేదన్న దిగులు ఉండదు. మీకు నిద్ర పట్టనంత దిగులు ఉంది. హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని సాయంత్రం దాకా కదలని పిల్లలను బద్ధకస్తులని ఎలా అంటాం? కాకపోతే వాళ్లలో కొందరు బాగా వచ్చిన పాలిటీనే మళ్లీ మళ్లీ తిరగేస్తారు. ఎకానమీ పుస్తకం బ్యాగులోనే ఉండిపోతుంది. జాతీయాదాయం అధ్యాయం తెరవగానే జీడీపీ, జీఎన్‌పీ, ఎన్‌ఎన్‌పీ అంటూ దేశ ఆదాయాన్ని కొలిచే రకరకాల లెక్కలు. రెండు పేజీలు తిప్పేసరికి "ఇది నాకు రాదు" అన్న భయం పట్టుకుంటుంది. పుస్తకం మూస్తే ప్రాణం తేలికపడుతుంది. ఆ తేలికకే మనసు అలవాటు పడుతుంది. టిమోతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశోధించి చెప్పిందీ ఇదే: మనం వాయిదా వేసేది ఆ పని తెచ్చే చేదు భావన నుంచి తప్పించుకోవడానికి.

అందుకే కొత్త టైమ్‌టేబుల్ గీసుకున్నా మూడు రోజుల్లో మూలన పడుతుంది. ముందు ఆ అధ్యాయం మీద భయం తగ్గాలి. "జాతీయాదాయం పూర్తి చేయాలి" అని రాసుకోకండి. "జీడీపీలోంచి తరుగుదల తీసేస్తే వచ్చేది ఏమిటి? ఒక లెక్క" అని రాసుకోండి. పది నిమిషాలు కూర్చోండి. అర్థం కాకపోతే అక్కడ పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి లేవండి. మర్నాడు ఆ గుర్తు దగ్గరే మొదలుపెట్టండి. ఎక్కడ మొదలుపెట్టాలో ముందే తెలిస్తే సగం బరువు దిగుతుంది.

అపోహ: మూడ్ వచ్చాక కూర్చుంటే బాగా ఎక్కుతుంది.

వాస్తవం: చాలాసార్లు కూర్చున్న కాసేపటికి మూడ్ వస్తుంది. "రేపు చదువుతా" అనే బదులు ఎప్పుడు, ఎక్కడ, ఏది అన్న మూడూ తేల్చుకోండి. "టిఫిన్ తిన్న వెంటనే, కిటికీ పక్క కుర్చీలో, పాత పేపర్ నుంచి పది బిట్లు." ఇలా ముందే నిర్ణయించుకున్నవాళ్లు అనుకున్న పని చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చూపించాయి. ఫోన్ మాత్రం ఆ పది నిమిషాలూ వేరే గదిలో ఉండాలి.

అపోహ: పరీక్ష దగ్గర పడితే, ఆ టెన్షన్‌లో నేను ఇంకా బాగా చదువుతాను.

వాస్తవం: అమెరికాలో టైస్, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద చేసి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, వాయిదా వేసేవాళ్లు సెమిస్టర్ మొదట్లో హాయిగా ఉన్నారు. చివరికొచ్చేసరికి ఒత్తిడి, అనారోగ్యం మిగతావాళ్లకంటే ఎక్కువయ్యాయి, మార్కులు తగ్గాయి. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోదానికి 150 మార్కులు, మొత్తం 600. ఇంత సిలబస్‌ను చివరి నెలలో మొదటిసారి చదివితే రివిజన్‌కు రోజులే మిగలవు.

అపోహ: పరీక్ష ఎలాగూ వాయిదా పడుతుందిలే.

వాస్తవం: ఈ మాట ఊరికే పుట్టలేదు. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 ఆగస్టులో జరగాల్సిన పరీక్ష నవంబరుకు, అక్కడి నుంచి 2024 జనవరికి, మళ్లీ ఆగస్టుకు వాయిదా పడి, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో పెట్టారు. ఊళ్లో అమ్మానాన్నలు పంపే డబ్బుతో గది అద్దె కట్టుకుంటూ అన్నిసార్లు తేదీ మారడం చూసినవాళ్ల నిస్పృహ నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టను. కానీ తేదీ మారిన ప్రతిసారీ పుస్తకం పక్కన పెట్టినవాళ్లు మళ్లీ మొదటి పేజీ నుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది. కొత్త తేదీ ప్రకటించిన వారంలో నేను అడిగేది ఒక్కటే: రోజుకు ఒక గంట, రివిజన్ మాత్రమే. కొత్త పాఠాలు తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: నన్ను నేను తిట్టుకుంటేనే దారికొస్తాను.

వాస్తవం: దీన్ని నేనూ చాలాకాలం నమ్మాను, క్లాసులో పిల్లలను గట్టిగానే మందలించేదాన్ని. కెనడాలో మొదటి సంవత్సరం విద్యార్థులపై చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం చదివాక ఆపేశాను. మొదటి పరీక్షకు చదవనందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారట. తిట్టుకుంటే ఆ పుస్తకం చూడగానే సిగ్గు కూడా తోడవుతుంది, ఇంకా దూరం జరుగుతాం.

మాక్ టెస్ట్‌లో తక్కువ వచ్చాయని ఒకమ్మాయి మూడు వారాలు క్లాసుకు రాలేదు. తిరిగొచ్చిన రోజు "బకాయి ఎలా పూర్తి చేయను మేడమ్?" అని ఏడ్చింది. బకాయి లిస్టు చింపేయమన్నాను. ఆ రోజు చెప్పిన పాఠం నుంచి ఐదు బిట్లు ఇచ్చాను. మూడు కరెక్ట్. తప్పయిన రెండూ మర్నాడు తనే మళ్లీ చేసి తెచ్చింది.