పసిగుడ్డుకి నొప్పి తెలియదనుకున్న కాలం

మూడు నెలల పిల్లకి ఛాతీ ఆపరేషన్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు చాలాసార్లు ముందు అడిగేది గుండె గురించి కాదు, "ఇంత పసిదానికి మత్తిస్తారా? తట్టుకుంటుందా?" అని. ఆ భయంలో తప్పేం లేదు. కాకపోతే ఇదే భయం ఒకప్పుడు డాక్టర్లకీ ఉండేది. దాని వల్ల 1980ల దాకా చాలాచోట్ల నెలలు నిండని పిల్లల ఛాతీని దాదాపు మత్తు లేకుండానే తెరిచేవాళ్లంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అది క్రూరత్వంతో మొదలైంది కాదు, ప్రాణాలు కాపాడిన ఒక పద్ధతితో మొదలైంది. నాకు అసలు విచిత్రంగా అనిపించేది అదే.

తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులకి పని ఉండదు కాబట్టి రక్తాన్ని పక్కదారి పట్టించే చిన్న నాళం ఒకటి గుండె పక్కన ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. మూసుకోకపోతే దాన్నే పీడీఏ అంటారు. 1938 ఆగస్టు 26న బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఏడేళ్ల పాపకి ఛాతీ తెరిచి ఆ నాళాన్ని దారంతో కట్టేశాడు, అదీ తన పైఅధికారి విలియం లాడ్ సెలవులో ఉన్నప్పుడు. మత్తిచ్చింది బెట్టీ లాంక్ అనే నర్సు. వాడింది సైక్లోప్రొపేన్, నిప్పురవ్వ తగిలితే పేలే వాయువు. 1944 నవంబర్ 29న బాల్టిమోర్‌లో నాలుగు కిలోలైనా సరిగ్గా లేని 15 నెలల నీలిపిల్లకి (గుండె లోపం వల్ల ఆక్సిజన్ చాలక ఒళ్లు నీలంగా మారిన బిడ్డకి) ఆపరేషన్ చేయబోతే, ఇంత రిస్కు నా వల్ల కాదని సీనియర్ మత్తు డాక్టర్ ఆస్టిన్ లామాంట్ తప్పుకున్నాడు, జూనియర్ మెరెల్ హార్మెల్ ముందుకొచ్చాడు.

లామాంట్‌ని పిరికివాడని తీసిపారేయలేం. పసిపిల్లలు కిలో బరువుకి పెద్దవాళ్ల కంటే రెట్టింపు ఆక్సిజన్ తాగేస్తారు, నిల్వ చూస్తే తక్కువ. అప్పుడే పుట్టిన బిడ్డ శ్వాసనాళం పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. ఊపిరి కోసం అందులో వేసే గొట్టం అర సెంటీమీటరు జారినా కుడి ఊపిరితిత్తిలోకి పోయి కూర్చుంటుంది. పెద్దవాళ్లని పక్కకి పడుకోబెడితే కిందవైపు ఉన్న మంచి ఊపిరితిత్తికి రక్తం ఎక్కువగా చేరి ఎలాగో నెట్టుకొస్తుంది. పసిపిల్లల పక్కటెముకలు మెత్తగా ఉంటాయి, కింద ఉన్నది బరువుకి నలిగిపోతుంది, ఆ సాయమూ ఉండదు. సర్జన్ పని చేసుకోవడానికి పై ఊపిరితిత్తిని పక్కకి ఒత్తాడా, ఆక్సిజన్ గబగబా పడిపోతుంది. ఇప్పుడైతే పల్స్ ఆక్సీమీటర్ బీప్ శబ్దం బొంగురుపోయి చెప్పేస్తుంది. అప్పుడు పెదాల రంగు చూసుకోవడమే.

ఇలాంటి రోజుల్లో లివర్‌పూల్‌లో గోర్డన్ జాక్సన్ రీస్ అనే డాక్టర్ 1950లో ఒక పద్ధతి రాశాడు. గొట్టం వేసి, క్యూరారేతో కండరాల్ని వదులుచేసి, నైట్రస్ ఆక్సైడ్ అనే తేలికపాటి మత్తు వాయువు ఇస్తూ, బిడ్డ తరఫున ఊపిరి మనమే పోయాలన్నాడు. అంతకుముందు 1937లో ఫిలిప్ ఏర్ తయారుచేసిన టీ ఆకారపు గొట్టానికి ఈయన చివర తెరిచి ఉన్న చిన్న బ్యాగ్ తగిలించాడు. మన ఆపరేషన్ థియేటర్లలో "జేఆర్" అని పిలిచేది దాన్నే. బ్యాగ్ తోకని రెండు వేళ్ల మధ్య సగం నొక్కి పట్టుకుని, మిగతా చేత్తో పిండుతూ ఉంటే లోపలి ఊపిరితిత్తి బిగుసుకుంటే బిగువు, గొట్టం ఊడితే డొల్లతనం అరచేతికే తెలిసిపోతుంది. పాత మత్తుమందులైన ఈథర్‌తో, సైక్లోప్రొపేన్‌తో పోలిస్తే గుండె మీద భారం తక్కువ. పిల్లలు బతికారు.

చిక్కు ఎక్కడంటే, క్యూరారే మత్తు కాదు. కదలనివ్వదు, అంతే. నైట్రస్ ఆక్సైడ్ ఒక్కటే ఛాతీ కోతకి చాలదు. అయినా బిడ్డ కదలట్లేదు, ఏడవట్లేదు, బీపీ నిలబడింది, ఇంకేం కావాలి? పసివాళ్ల నరాలకి పైపొర పూర్తిగా ఏర్పడదు కాబట్టి నొప్పి వాళ్లకి అంతగా తెలియదన్న సిద్ధాంతం అప్పటికే చలామణిలో ఉంది. 1941లో మర్టిల్ మెక్‌గ్రా అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల్ని సూదితో గుచ్చి చేసిన పరిశీలనలు దానికి బలమిచ్చాయి. అలా మత్తు కొంచెం చాలన్నది కాస్తా, నెలలు నిండనివాళ్లకి అసలు అక్కర్లేదన్న దాకా జారింది.

1985లో వాషింగ్టన్‌లో జెఫ్రీ లాసన్ అనే బాబు నెలలు నిండకుండా పుట్టాడు. పీడీఏ ఆపరేషన్‌కి మెడ దగ్గర గొట్టాలు పెట్టారు, రొమ్ము ఎముక నుంచి వెన్ను దాకా కోశారు, పక్కటెముకలు విడదీశారు. ఇచ్చింది పావులాన్, అంటే కదలకుండా చేసే మందు ఒక్కటే. ఐదు వారాలకి బాబు పోయాడు. తల్లి జిల్ లాసన్ ఆ తర్వాత రికార్డులు చదివితేగానీ సంగతి బయటపడలేదు. అడిగితే, ఇలాంటి పిల్లలకి నొప్పి తెలుస్తుందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదన్నది ఆమెకి వచ్చిన జవాబు. ఆమె ఊరుకోలేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. 1986లో వాషింగ్టన్ పోస్ట్ ఈ కథ వేశాక మిగతా తల్లిదండ్రులూ మాట్లాడడం మొదలుపెట్టారు.

అదే సమయంలో ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ ఆనంద్, ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివిన మన దేశం డాక్టర్, ఇంకో దారిలో అదే ప్రశ్న దగ్గరికి వచ్చాడు. ఆపరేషన్‌కి వెళ్లేటప్పుడు బాగానే ఉన్న పిల్లలు తిరిగొచ్చేసరికి ఎందుకు పాలిపోయి, చితికిపోయి ఉంటున్నారు? నొప్పి ఉందా లేదా అని వాదించకుండా రక్తంలో హార్మోన్లు కొలిచాడు. 1987లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ పరిశోధనలో పీడీఏ ఆపరేషన్‌కి వచ్చిన పిల్లలు 16 మంది. అందరికీ నైట్రస్ ఆక్సైడ్, క్యూరారే ఇచ్చారు. కొందరికి మాత్రం అదనంగా కిలోకి 10 మైక్రోగ్రాముల ఫెంటానిల్, అంటే గట్టి నొప్పి మందు. అది లేని పిల్లల్లో అడ్రినలిన్ లాంటివి ఎగదన్నాయి, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువ. కొందరికి ఫెంటానిల్ ఎందుకివ్వలేదని బ్రిటన్‌లో గొడవ కూడా జరిగింది. ఇవ్వకపోవడమే అప్పటి మామూలు పద్ధతని గొడవ చేసినవాళ్లకి తెలియదు పాపం.

అదే ఏడాది అమెరికా పిల్లల వైద్యుల సంఘం, వయసు తక్కువనో నెలలు నిండలేదనో మత్తు మానేయకూడదని ప్రకటించింది. 1992లో ఆనంద్, హికీ అనే ఇంకో డాక్టర్ కలిసి గుండె ఆపరేషన్ చేయించుకున్న 45 మంది నవజాత శిశువుల ఫలితాలు బయటపెట్టారు. తేలికపాటి మత్తు ఇచ్చిన 15 మందిలో నలుగురు పోయారు, గట్టి మోతాదులో సుఫెంటానిల్ (ఫెంటానిల్ జాతి మందే) ఇచ్చిన 30 మందిలో ఒక్కరూ పోలేదు. అంటే మత్తు బిడ్డని చంపుతుందన్న భయం తలకిందులైంది.

ఇప్పుడు భయం ఇంకో రూపంలో వచ్చింది. మూడేళ్లలోపు పిల్లలకి 3 గంటలకి మించి గానీ, పదేపదే గానీ మత్తిస్తే ఎదిగే మెదడుకి ముప్పు ఉండొచ్చని 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2019లో వచ్చిన "గ్యాస్" (GAS) అనే పేరున్న అధ్యయనం గంటలోపు మత్తుతో ఐదేళ్ల వయసుకి తేడా కనిపించలేదని తేల్చింది, కానీ అవి హెర్నియా ఆపరేషన్లు. ఛాతీ ఆపరేషన్ చాలాసార్లు గంటలో అయ్యే పని కాదు, వాయిదా వేస్తే బిడ్డ ఆగదు. అవసరమైన ఆపరేషన్ ఆపొద్దని ఎఫ్‌డీఏ కూడా చెప్పింది. అందుకే మత్తు డాక్టర్లు వేరే దారులు వెతుకుతున్నారు. నడుము కింద నుంచి సన్నటి గొట్టాన్ని వెన్నులో ఛాతీ ఎత్తు దాకా ఎక్కించి అక్కడే తిమ్మిరి మందు ఇస్తే, మిగతా మందుల మోతాదు తగ్గించుకోవచ్చు. పీడీఏ అయితే 2019 నుంచి అమెరికాలో 700 గ్రాముల బిడ్డకి కూడా కాలి సిర గుండా చిన్న బిళ్ల పంపి మూసేస్తున్నారు. ఛాతీ కోయక్కర్లేదు. అయినా మందుల ట్రేలో ఫెంటానిల్ సిరంజి ఉండాల్సిందే.