నరానికి బిరడా

1793 జూన్ 15. కెనడా పడమటి తీరంలో ఇరుకు సముద్రపు పాయలను కొలుస్తున్న బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ వాంకూవర్ బృందంలో కొందరు, పొద్దున్నే ఒడ్డున ఆగి రాళ్లకు పట్టిన ఆల్చిప్పలు ఏరుకుని తిన్నారు. కాసేపటికే మొహాలు, వేళ్లు తిమ్మిరెక్కాయి. జాన్ కార్టర్ అనే నావికుడు పడవ ఒడ్డు చేరేదాకా తెడ్డు వేస్తూనే ఉన్నాడు. దిగబోతే కాళ్లు నిలవలేదు. ఆ రోజే చనిపోయాడు. కార్టర్ బే, పాయిజన్ కోవ్ అని వాంకూవర్ పెట్టిన పేర్లు ఇప్పటికీ పటాల్లో ఉన్నాయి.

ఆ ఆల్చిప్పలు కుళ్లినవేం కావు. చూపుకీ వాసనకీ రుచికీ మంచివే. విషం వాటిది కాదు, అవి మేసిన మేతది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర 1927లో ఇలాగే వందమందికి పైగా జబ్బుపడి ఆరుగురు పోతే, సోమర్, మేయర్ అనే శాస్త్రవేత్తలు పదేళ్లు వెతికి 1937లో ఆ సంగతి తేల్చారు. దోషి అలెగ్జాండ్రియం అని ఇప్పుడు మనం పిలిచే డైనోఫ్లాజెలేట్.

మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు ఉండే ఒంటికణం అది. రెండు తోకలుంటాయి. ఒకటి నడుము చుట్టూ ఉన్న గాడిలో మొలతాడులా ఒదిగి ఉంటుంది, రెండోది వెనక వేలాడుతుంది. ఆ మొలతాడు అలలు అలలుగా ఆడుతుంటే కణం బొంగరంలా తిరుగుతూ ముందుకు పోతుంది. గ్రీకులో 'డైనో' అంటే గిరగిరా తిరగడం. డైనోసార్‌తో దీనికి చుట్టరికమేమీ లేదు. కాలం కలిసిరాకపోతే గట్టి తొడుగు కట్టుకుని అడుగు బురదలో ఏళ్లతరబడి నిద్రపోతుంది. కలిసొస్తే లేచి విపరీతంగా పెరుగుతుంది. రోజంతా లీటర్లకొద్దీ నీళ్లు వడగట్టుకుని బతికే ఆల్చిప్పకు అది పండగ. ఈ కణాల గుంపుతో నీళ్లు ఎర్రబడితేనే ప్రమాదమని అనుకోకూడదు, తేటగా కనిపించే నీళ్లలోనూ విషం పోగయ్యేంత మేత ఉండవచ్చు.

విషం పేరు సాక్సిటాక్సిన్. అది చేసే పని ఒక్కటే. నరంలో కబురు నడవాలంటే సోడియం అయాన్లు సన్నటి ద్వారాల గుండా లోపలికి రావాలి. ఈ అణువుకు ఒక కొసన ధనావేశం ఉంది, ఆకారం ఆ ద్వారం నోటికి కొలిచి చేసినట్టు సరిపోతుంది. వెళ్లి సీసాకు బిరడాలా బిగుసుకుంటుంది. ముందు పెదవులు, తర్వాత చేతులు కాళ్లు, చివరికి ఊపిరి ఆడించే కండరాలు. చాలాసార్లు మనిషికి తెలివి ఉండగానే ఇదంతా జరుగుతుంది. విరుగుడు లేదు. వెంటిలేటర్ పెట్టి ఒక రోజు గట్టెక్కిస్తే, మూత్రంతో విషం వెళ్లిపోయి మనిషి లేచి కూర్చుంటాడు.

బాగా ఉడికిస్తే ఏ దోషమైనా పోతుందని మన ఇళ్లలో ఒక గట్టి నమ్మకం. తెల్లసొన వేడికి గడ్డకట్టినట్టు ప్రోటీన్ విషాలు చాలావరకు వేడికి చెడిపోతాయి, నిజమే. ఇది ప్రోటీన్ కాదు, చిన్న గట్టి అణువు. మరిగించినా చెడదు, చింతపండు పులుపుకూ లొంగదు. ఉడుకుతుంటే కొంత పులుసులోకి దిగుతుంది, ఆ పులుసే కదా మనం అన్నంలో కలుపుకునేది. 1997లో కేరళలోని విళింజం దగ్గర 'చిప్పి' అని పిలుచుకునే ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. అందుకే చాలా దేశాలు కిలో మాంసంలో 0.8 మిల్లీగ్రాములు దాటితే అమ్మకం ఆపేస్తాయి.

ఇంత కచ్చితంగా పనిచేసే పదార్థం మీద గూఢచారుల కన్ను పడకుండా ఉంటుందా? 1960లో సోవియట్ గగనతలంలో కూలిన అమెరికా గూఢచారి విమానం యూ-2 పైలట్ గ్యారీ పవర్స్ దగ్గర, వెండి డాలరు నాణెంలో దాచిన విషపు సూది ఉంది. అందులో ఉన్నది ఇదే. అతను వాడలేదు. విష నిల్వలు నాశనం చెయ్యమని అధ్యక్షుడి ఆజ్ఞ ఉన్నా, అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ దాదాపు 11 గ్రాములు అట్టేపెట్టుకుందని 1975లో సెనేట్ విచారణలో బయటపడింది. ఈ కథలో నాకు నచ్చే మలుపు ఆ తర్వాతది. ఆ నిల్వను పారబొయ్యకుండా నరాల మీద పరిశోధన చేసేవాళ్లకు పంచారు. బిరడా ఒక్కో ద్వారానికి ఒక్కటే పడుతుంది కాబట్టి, ఎన్ని బిరడాలు అంటుకున్నాయో లెక్కపెడితే నరంలో ఎన్ని ద్వారాలున్నాయో తెలుస్తుంది. దీని దగ్గరి బంధువు నియోసాక్సిటాక్సిన్‌ను ఎక్కువసేపు పనిచేసే మత్తుమందుగా మనుషుల మీద పరీక్షించారు కూడా.

డైనోఫ్లాజెలేట్లలోనే దీనికి పూర్తిగా తిరగబడ్డవాళ్లూ ఉన్నారు. ఫ్లోరిడా తీరంలో కరేనియా బ్రెవిస్ అనే కణం చేసే బ్రెవెటాక్సిన్ అనే విషం అవే ద్వారాలను మూయదు, మూసుకోనివ్వదు. అలల తాకిడికి కణాలు పగిలి విషం తుంపరలో కలుస్తుంది, బీచ్‌లో నడిచేవాళ్లు దగ్గుతారు. విచిత్రమేమంటే ఆ కణమే బ్రెవెనాల్ అనే ఇంకో పదార్థం కూడా చేస్తుంది, అది బ్రెవెటాక్సిన్ పనికే అడ్డుపడుతుంది.

మరి ఆల్చిప్పలకు ఏమీ కాదా? కొన్నిటికి అవుతుంది. ఉత్తర అమెరికా తూర్పు తీరంలో మెత్తటి పెంకు ఉండే ఒక రకం చిప్పల్లో, తరచూ ఈ కణాలు విరగబడే చోట పెరిగినవాటి సోడియం ద్వారంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి ఉంది. బిరడా సరిగా పట్టదు. వాటికి బాధ లేదు కనక మేత ఆపవు, మిగతావాటికంటే ఎక్కువ విషం ఒంట్లో పోగేసుకుంటాయి.