ఈఆర్‌సీపీ తర్వాత కడుపునొప్పి, ఎల్‌ఎఫ్‌టీ అంకెలు: అపోహలు – వాస్తవాలు

"రాయి తీసేశారు కదా సార్, మళ్లీ ఈ నొప్పి ఎందుకు?" పిత్తవాహికలో (కాలేయం నుంచి పిత్తరసాన్ని పేగుకు చేర్చే నాళం) రాయికి ఈఆర్‌సీపీ (నోటి గుండా కెమెరా గొట్టం పంపి ఆ రాయిని తీసే పద్ధతి) చేయించుకుని ఇంటికి వెళ్లినవాళ్లు తరచూ ఫోను చేసి ఇలా అడుగుతారు. అడిగినవాళ్ల గురించి నాకు బెంగ లేదు. నొప్పిని ఓర్చుకుంటూ ఊరుకునేవాళ్ల గురించే నా దిగులంతా.

అపోహ: గొట్టం వేశారు కాబట్టి రెండు రోజులు గ్యాస్ నొప్పి మామూలే.

వాస్తవం: ఈఆర్‌సీపీ చేసేటప్పుడు పేగులోకి గాలి నింపుతాం. ఆ ఉబ్బరం కొన్ని గంటల్లో దిగిపోతుంది. బొడ్డు పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, దానితో పాటు వాంతులు ఉంటే మాత్రం క్లోమం వాచిందేమోనని చూడాలి. పిత్తవాహిక, క్లోమనాళం చాలామందిలో చిన్నపేగులోకి ఒకే చిన్న ద్వారం గుండా తెరుచుకుంటాయి. ఒకదానిలోకి తీగ పంపబోతే పక్కది కందిపోవచ్చు. సుమారుగా నూటికి 3 నుంచి 10 మందిలో ఇలా జరుగుతుంది, ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే బయటపడుతుంది. దీన్ని తగ్గించడానికే వాపు తగ్గించే మందు ఇండోమెథాసిన్ లేదా డైక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు మలద్వారంలో పెడతాం. దానితో ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

అందుకే దూరపు ఊళ్లవాళ్లను ఆ రాత్రికి హైదరాబాద్‌లోనే ఉండమని బతిమాలుతాను. ఒక పెద్దాయన వినలేదు, సాయంత్రానికే ఇమ్లీబన్‌లో బస్సెక్కారు. చౌటుప్పల్ దగ్గర నొప్పి మొదలైతే గ్యాస్ అనుకుని కొడుకు సోడా తాగించాడు. సూర్యాపేటలో దిగి కారు మాట్లాడుకుని వెనక్కి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఆయన స్ట్రెచర్ మీద పడుకోలేకపోయారు. దిండును పొట్టకు హత్తుకుని, ముందుకు వంగి కూర్చుని, మాట కూడా ముక్కముక్కలుగా పలికారు. రక్తపరీక్షలో లైపేజ్ (క్లోమం తయారుచేసే ఎంజైమ్) ఉండాల్సినదానికి మూడు రెట్లు దాటింది. సెలైన్లతో, నొప్పి మందులతో కోలుకున్నారు, కానీ ఆ మూడు నాలుగు గంటల బాధ ఆయనకు అక్కర్లేనిది.

అపోహ: అమైలేజ్ (క్లోమం తయారుచేసే మరో ఎంజైమ్) పెరిగిందంటే పాంక్రియాటైటిసే, అంటే క్లోమం వాపే.

వాస్తవం: ఈఆర్‌సీపీ తర్వాత నొప్పి ఏమీ లేకుండా ఆ అంకె పెరగడం చాలామందిలో చూస్తాం. నొప్పి ఉండి, అంకె కూడా పెరిగితేనే అది జబ్బు.

పొట్ట చెక్కలా గట్టిపడినా, మెడ దగ్గర చర్మం కింద గాలి చేరి గరగరలాడినా పేగుకు చిల్లు పడిందేమో వెంటనే చూడాలి. తారులాంటి నల్లటి మలం రక్తస్రావానికి గుర్తు. అది వారం తర్వాత కూడా రావచ్చు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లలో మరీనూ.

అపోహ: రాయి తీశాక మర్నాటికే ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూపే రక్తపరీక్ష) మామూలైపోవాలి.

వాస్తవం: అన్ని అంకెలూ ఒకే వేగంతో దిగవు. కాలేయ ఎంజైమ్ ఎస్‌జీపీటీ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. మరో ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ సగానికి రావడానికే దాదాపు వారం పట్టవచ్చు. కామెర్లలో పచ్చదనం తెచ్చే బిలిరుబిన్‌లో కొంత భాగం రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అంటుకుని ఉంటుంది, అది రక్తంలోంచి పోవడానికి రెండు మూడు వారాలు పైనే పడుతుంది. మూత్రం రంగు తేలికపడ్డా కళ్లు ఇంకా పచ్చగా కనిపించేది ఇందుకే. ఒక్క రిపోర్టుతో బెంబేలు పడవద్దు, పాత కాగితాలన్నీ తెచ్చి పక్కపక్కన పెట్టించండి. తగ్గుతూ వచ్చిన అంకె మళ్లీ పైకి లేస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. రాయి ముక్క మిగిలి ఉండవచ్చు, స్టెంట్ (పిత్తం పారడానికి వాహికలో పెట్టే సన్నటి గొట్టం) మూసుకుపోయి ఉండవచ్చు, జారి ఉండవచ్చు. వీటికి తోడు చలితో వణికించే జ్వరం వస్తే పిత్తవాహికలో చీము పడుతుందని భయపడాలి. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి రండి.

అపోహ: కామెర్లు తగ్గకపోతే పసరు మందు వేయించాలి, పథ్యం పట్టాలి.

వాస్తవం: దారి మూసుకుపోయి వచ్చిన కామెర్లు దారి తెరిస్తేనే పోతాయి. ఏ ఆకులు నూరారో తెలియని పసరు కాలేయాన్ని ఇంకా దెబ్బతీయవచ్చు. అప్పుడు అంకెలు పెరిగింది స్టెంట్ వల్లనో, పసరు వల్లనో తేల్చుకోవడం మాకు గండమవుతుంది. చేతి మీద వాత పెట్టించుకుని, ఆ పుండుతో వచ్చినవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. డాక్టరు తినమన్నాక పప్పు, పెరుగు, గుడ్డు మానేయాల్సిన పని లేదు. చప్పిడి మెతుకులతో నీరసమే మిగులుతుంది.

అపోహ: వాహికలో రాయి పోయింది కాబట్టి గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) ఆపరేషన్ అక్కర్లేదు.

వాస్తవం: సాధారణంగా ఆ రాయి గాల్‌బ్లాడర్‌లోంచి జారినదే. అందులో ఇంకా రాళ్లుంటే మళ్లీ జారతాయి. ఒంటికి తట్టుకునే శక్తి ఉంటే త్వరగా తీయించుకోవడమే మేలు.

అపోహ: నొప్పి లేదంటే స్టెంట్ అలాగే ఉండవచ్చు.

వాస్తవం: ప్లాస్టిక్ స్టెంట్‌ను మామూలుగా మూడు నెలల్లోపు తీయాలి, లేదా మార్చాలి. ఏడాదిన్నర మరిచిపోయిన ఒకామె చలిజ్వరంతో వచ్చారు. బయటికి తీసిన స్టెంట్ బాల్‌పెన్ రీఫిల్ అంత లావుంది, లోపలంతా మట్టిరంగు మడ్డి గడ్డకట్టింది. దాని చుట్టూ కొత్త రాళ్లు కూడా పేరుకున్నాయి. డిశ్చార్జ్ కాగితంలో గడువు రాసే ఉంది, ఆఖరి పేజీలో, ఇంగ్లీషులో. ఆమెకు తెలుగు మాత్రమే వచ్చు. అప్పటి నుంచి నేను మొదటి పేజీలోనే తేదీని పెద్ద అక్షరాలతో తెలుగులో రాస్తున్నాను, వెంట వచ్చినవాళ్ల ఫోనులో ఆ తేదీకి అలారం పెట్టించాకే ఇంటికి పంపుతున్నాను.